బొట్టు అంచు దగ్గర: తడవడాన్ని మైక్రోస్కోప్‌తో కొలిచే పద్ధతులు

ఘనతలం మీద నిలిచిన ద్రవ బిందువుకు ఒక అంచు ఉంటుంది. ఘనం, ద్రవం, గాలి మూడూ కలిసేది అక్కడే. ఆ అంచు దగ్గర బిందువు ఉపరితలానికి గీసిన స్పర్శరేఖ, ద్రవం లోపలి వైపున ఘనతలంతో చేసే కోణాన్ని స్పర్శ కోణం అంటారు. శుభ్రంగా కడిగిన గాజు మీద నీటికి ఇది దాదాపు సున్నా. నీరు పలుచని పొరగా పరుచుకుంటుంది. టెఫ్లాన్ మీద 110 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. తామరాకు మీద 150 డిగ్రీలు దాటుతుంది. ఆకు కాస్త వంగితే చాలు, బొట్టు తడి అంటించకుండా దొర్లిపోతుంది. కోణం 90 డిగ్రీల లోపు ఉంటే ద్రవం ఆ తలాన్ని తడుపుతుందనీ, పైన ఉంటే తడపదనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి.

ఈ ఒక్క కోణం మీద ఆధారపడ్డ పనులు చాలా ఉన్నాయి. గోడకు రంగు పట్టడం, ఇంక్‌జెట్ ప్రింటర్ వదిలిన సిరా కాగితం మీద చెదరకుండా ఆగడం, కాంటాక్ట్ లెన్స్ కంటి తడిలో ఇమడటం, భూగర్భంలోని రాతి రంధ్రాల్లోంచి చమురు కదలడం, అన్నిటా దీని పాత్ర ఉంది. వరి ఆకు మీద నీరు నిలవదు కాబట్టి పురుగుమందు కొట్టే రైతు ద్రావణంలో జిగురు మందు కలుపుతాడు. వేపనూనె పిచికారీలో సర్ఫ్ పొడి కలపడం తెలుగు పల్లెల్లో పాత అలవాటే. అక్కడ జరిగేది ద్రవపు తలతన్యతను తగ్గించి, దాని ద్వారా స్పర్శ కోణాన్ని తగ్గించడం.

కోణాన్ని నిర్వచించడం తేలిక, కొలవడం కష్టం. ఒకే తలానికి, ఒకే ద్రవానికి రెండు ప్రయోగశాలలు పది డిగ్రీల తేడాతో ఫలితాలు ఇవ్వడం ఈ రంగంలో అరుదేమీ కాదు. పరికరాల లోపం ఇందులో కొంతే. స్పర్శ కోణం తలానికి చెందిన ఒకే ఒక్క స్థిర సంఖ్య కాకపోవడమే అసలు కారణం. బొట్టు అక్కడికి ఎలా వచ్చి కూర్చుంది, ఎంత పెద్దది, దాని అంచును ఎంత దగ్గర నుంచి చూశారు అన్నవాటిని బట్టి అది మారుతుంది. మైక్రోస్కోప్ పద్ధతుల చరిత్రంతా ఆ అంచుకు అంతకంతకూ చేరువయ్యే ప్రయత్నమే. చేరువైన ప్రతిసారీ కొలుస్తున్న రాశి కూడా కొంత మారుతూ వచ్చింది.

యంగ్ సూత్రం, దాని హద్దులు

సిద్ధాంతానికి మొదలు 1805. ఇంగ్లండ్‌లో వైద్యుడిగా, భౌతిక శాస్త్రవేత్తగా పేరుపొందిన థామస్ యంగ్ రాయల్ సొసైటీ పత్రికలో ద్రవాల సంసంజనం గురించి రాస్తూ, ప్రతి ఘన-ద్రవ జంటకూ ఒక తగిన కోణం ఉంటుందని వాదించారు. దాన్ని సమీకరణంగా రాయలేదు, మాటల్లోనే చెప్పారు. తర్వాతివారు బీజగణితంలో పెట్టిన రూపం ఇది: ఘనానికీ వాయువుకూ మధ్య ఉన్న తలతన్యతలోంచి ఘనానికీ ద్రవానికీ మధ్య ఉన్న తలతన్యతను తీసేసి, మిగిలినదాన్ని ద్రవపు తలతన్యతతో భాగిస్తే స్పర్శ కోణపు కొసైన్ వస్తుంది. ఈ మూడింటిలో సులువుగా కొలవగలిగింది ద్రవపు తలతన్యత ఒక్కటే. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటికి అది మీటరుకు 72.8 మిల్లీన్యూటన్లు. ఘనానికి సంబంధించిన మిగతా రెండూ అంత తేలిగ్గా చిక్కవు. అందుకే యంగ్ సూత్రాన్ని పరీక్షించడం కన్నా, కొలిచిన కోణం నుంచి ఘనం గుణాన్ని వెనక్కి లెక్కగట్టడమే ఎక్కువగా వాడుకలోకి వచ్చింది.

యంగ్ ఊహించిన తలం నున్నగా, అంతటా ఒకేలా, వంగని గట్టిదనంతో ఉంటుంది. లోకంలోని తలాలు అలా ఉండవు. గరుకుతలానికి నిజమైన వైశాల్యం పైకి కనిపించేదాని కన్నా ఎక్కువ కాబట్టి గరుకుదనం తడిసే తలాన్ని మరింత తడిసేలా, తడవని తలాన్ని మరింత తడవకుండా చేస్తుందని 1936లో రాబర్ట్ వెంజెల్ చూపారు. 1944లో కాసీ, బాక్స్‌టర్ ఇంకో సంగతి చెప్పారు. వాళ్లిద్దరూ ఉన్ని పరిశ్రమ పరిశోధన సంస్థలో పనిచేసేవారు. పోగులతో అల్లిన తలం మీద బొట్టు పూర్తిగా ఘనాన్ని అంటుకోదు, కొంత భాగం పోగుల మధ్య చిక్కుకున్న గాలి మీద కూర్చుంటుంది. గాలి భాగం ఎంత ఎక్కువైతే కోణం అంత పెరుగుతుంది. తామరాకు వర్గంలోని తలాలన్నిటికీ ఇదే సూత్రం.

ఈ రెండు సూత్రాలనూ బొట్టు కింద పరుచుకున్న మొత్తం వైశాల్యానికి వర్తింపజేయడం చాలాకాలం నడిచింది. 2007లో లిచావో గావో, థామస్ మెకార్తీ దాన్ని గట్టిగా ప్రశ్నించారు. బొట్టు అడుగున మధ్యలో వేరే గుణం గల మచ్చ ఉన్నా, అంచు ఆ మచ్చ బయట ఉంటే కోణం మారదని వారి ప్రయోగాలు చూపాయి. కోణాన్ని నిర్ణయించేది బొట్టు కింద దాగిన వైశాల్యం కాదు, మూడు ప్రావస్థలూ కలిసే అంచు. ఈ వ్యాసంలో ఇకపై దాన్ని సంధిరేఖ అని పిలుద్దాం. పాత సూత్రాలను సంధిరేఖ దగ్గరి స్థానిక విలువలతో వాడితే చెల్లుతాయని సమాధానాలు వచ్చాయి, అవి సబబైనవే. అయితే ఆ చర్చ తర్వాత సంధిరేఖను చూడకుండా తడి గురించి మాట్లాడటం కష్టమైంది. మైక్రోస్కోప్‌కు ఈ రంగంలో ఉన్న ప్రాముఖ్యానికి కారణం ఇదే.

పక్కనుంచి చూడటం

అన్నిటికన్నా పాతదీ, ఇప్పటికీ ఎక్కువగా వాడేదీ బొట్టును పక్కనుంచి చూసే పద్ధతి. 1946లో అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో బిగెలో, పికెట్, జిస్మన్ అడ్డంగా అమర్చిన దుర్భిణి వంటి మైక్రోస్కోప్‌తో కోణాన్ని నేరుగా చదివే గోనియోమీటర్‌ను వివరించారు. కంటికటకంలో ఉన్న తీగను బొట్టు అంచుకు స్పర్శరేఖగా తిప్పి, చుట్టూ ఉన్న డిగ్రీల చట్రం మీద కోణం చూసేవారు. నేటి పరికరాల్లో కంటి స్థానంలో కెమెరా, చేతి స్థానంలో కంప్యూటర్ వచ్చాయి. అమరిక మాత్రం అదే: ఒకవైపు చెదిరిన సమమైన వెలుగు, మధ్యలో బొట్టు, మరోవైపు దాని నల్లని ఛాయను పట్టే కటకం.

చిన్న బొట్టయితే గణితం సులువు. నీటికి తలతన్యత, గురుత్వం సరితూగే పొడవు సుమారు 2.7 మిల్లీమీటర్లు. బొట్టు అంతకన్నా బాగా చిన్నదైతే గురుత్వాన్ని వదిలేసి, దాన్ని గోళం నుంచి కోసిన ముక్కగా తీసుకోవచ్చు. అప్పుడు ఎత్తుకు రెట్టింపును అడుగు వ్యాసంతో భాగిస్తే సగం కోణపు టాంజెంట్ వస్తుంది. అడుగు 2 మిల్లీమీటర్లు, ఎత్తు అర మిల్లీమీటరు ఉన్న బొట్టుకు కోణం 53 డిగ్రీలు. సాధారణంగా వాడే మూడు నుంచి ఐదు మైక్రోలీటర్ల బొట్టు సుమారు 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో గురుత్వం కొంత చదును చేయడం మొదలవుతుంది. అలాంటి బొట్లకు తలం వంపునూ లోపలి పీడనాన్నీ ముడిపెట్టే లాప్లాస్ సమీకరణాన్ని సాధించి, వచ్చిన ఆకారాన్ని కొలిచిన ఛాయతో పోల్చాలి. బాష్‌ఫోర్త్, ఆడమ్స్ 1883లోనే ఇలాంటి ఆకారాలకు చేత్తో లెక్కగట్టిన పట్టికలు ప్రచురించారు. కంప్యూటర్లు వచ్చాక నాయ్‌మన్, ఆయన సహచరులు 1983లో దాన్ని స్వయంచాలక పద్ధతిగా మలిచారు. ఛాయ మొత్తం నుంచి కోణాన్ని రాబట్టే ఈ పద్ధతి, అంచు దగ్గరి కొన్ని పిక్సెల్‌ల మీదే ఆధారపడే స్పర్శరేఖ పద్ధతి కన్నా నమ్మదగినది.

పక్కచూపులో పొరపాటుకు ప్రధానమైన చోటు ఆధార రేఖ, అంటే ఘనతలం ఎక్కడ ఉందో చెప్పే గీత. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం గల గోళాకార బొట్టును లెక్కకు తీసుకుందాం. కోణం 90 డిగ్రీలైతే, ఆధార రేఖ 20 మైక్రాన్లు జరిగినా ఫలితం ఒక డిగ్రీ కన్నా కొంచెమే ఎక్కువ మారుతుంది. కోణం 160 డిగ్రీలైతే అదే 20 మైక్రాన్లు మూడు, నాలుగు డిగ్రీల తేడా తెస్తాయి. 170 డిగ్రీల దగ్గర రేఖను పైకి జరిపితే ఐదు డిగ్రీలు తగ్గుతుంది. కిందికి జరిపితే రేఖ బొట్టును తాకనే తాకదు, కోణమే లేకుండా పోతుంది. అంత ఎక్కువ కోణాల దగ్గర బొట్టుకూ తలానికీ మధ్య ఉన్న సన్నని చీలికలో వెలుగు వివర్తనం చెంది అంచు మసకబారుతుంది. కాబట్టి ఫలానా పూత 172 డిగ్రీలు ఇచ్చిందనీ, ఫలానాది 175 ఇచ్చిందనీ పోల్చే ఫలితాలను జాగ్రత్తగా చదవాలి. ఆ తేడా పూతలో ఉందో, రేఖ గీసిన చోట ఉందో ఆ ఒక్క చిత్రం చెప్పలేదు.

దీన్ని తగ్గించే ఉపాయాలు ఉన్నాయి. కెమెరాను ఒకటి, రెండు డిగ్రీలు కిందికి వంచితే మెరిసే తలం మీద బొట్టు ప్రతిబింబం కనిపిస్తుంది. బొట్టూ ప్రతిబింబమూ కలిసే మొనల దగ్గర ఆధార రేఖను గీయవచ్చు. వెలుగు మూలం మరీ వెడల్పుగా ఉంటే అంచు చుట్టూ కాంతి అల్లుకుని బొట్టు చిన్నగా కనిపిస్తుంది, కాబట్టి దాన్ని కుదించాలి. దూరంతో పరిమాణం మారని టెలీసెంట్రిక్ కటకం వాడటం మంచిది.

ఒక తలానికి రెండు కోణాలు

సంధిరేఖ నిజ తలం మీద స్వేచ్ఛగా కదలదు. గరుకు అంచుల దగ్గర, రసాయన మచ్చల దగ్గర చిక్కుకుంటుంది. బొట్టులోకి సూదితో మెల్లగా నీరు ఎక్కిస్తే మొదట అడుగు కదలకుండా కోణం పెరుగుతుంది, ఒక హద్దు దాటాక రేఖ ముందుకు జరుగుతుంది. అదే పురోగమన కోణం. నీరు వెనక్కి లాగితే కోణం తగ్గుతూ వచ్చి, ఇంకో హద్దు దగ్గర రేఖ వెనక్కి జరుగుతుంది. అది తిరోగమన కోణం. రెండింటి మధ్య ఉన్న ఏ కోణంలోనైనా బొట్టు నిశ్చలంగా నిలవగలదు. ఈ తేడాను హిస్టెరిసిస్ అంటారు.

తలం మీద బొట్టు పెట్టి, ఒక ఫొటో తీసి, ఆ ఒక్క కోణాన్నే ప్రకటించడంలోని లోపం ఇక్కడ బయటపడుతుంది. ఆ కోణం రెండు హద్దుల మధ్య యాదృచ్ఛికంగా తగిలిన ఒక విలువ. బొట్టును సూది నుంచి ఎంత ఎత్తులో వదిలారు, బల్ల ఎంత అదిరింది, ఫొటోకు ముందు ఎంత నీరు ఆవిరైంది అన్నవి దాన్ని మార్చేస్తాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా స్థిర కోణం ఒక్కటే ఇచ్చే పత్రాలు వస్తూనే ఉండటం విచారించాల్సిన విషయం. ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో రాబిన్ రాస్ బృందం 2018లో ప్రచురించిన కొలత విధానం పురోగమన, తిరోగమన కోణాలు రెంటినీ చెప్పాలని గట్టిగా కోరింది. బొట్టు జారుతుందా, అతుక్కుంటుందా అన్నది కోణం పెద్దదా చిన్నదా అన్నదాని మీద ఆధారపడదు, ఈ రెండింటి తేడా మీద ఆధారపడుతుంది. 1962లో ఫర్మిడ్జ్ ఇచ్చిన సంబంధం ప్రకారం, వాలు తలం మీద బొట్టును పట్టి ఉంచే బలం బొట్టు వెడల్పుకూ, ద్రవపు తలతన్యతకూ, తిరోగమన, పురోగమన కోణాల కొసైన్‌ల తేడాకూ అనుపాతంలో ఉంటుంది. ఆకుల మీద పిచికారీ నిలవడాన్ని అధ్యయనం చేస్తూనే ఆయన దాన్ని చేరుకున్నారు.

ఒకే తలం మీద దిక్కును బట్టి కూడా ఈ పట్టు మారవచ్చు. వరి ఆకు మీద సూక్ష్మమైన బొడిపెలు ఆకు పొడవునా వరుసలు కట్టి ఉంటాయి. 2002లో లిన్ ఫెంగ్, లీ జియాంగ్, వారి సహచరులు ఆకు పొడవు దిశలో బొట్టు మూడు నుంచి ఐదు డిగ్రీల వాలుకే దొర్లుతుందనీ, అడ్డంగా అయితే తొమ్మిది నుంచి పదిహేను డిగ్రీలు కావాలనీ నివేదించారు. అలాంటి ఆకుకు ఒక్క పక్కనుంచి తీసిన ఒక్క ఛాయ అర్థసత్యమే చెబుతుంది.

పైనుంచీ, కిందనుంచీ

బొట్టు పరిమాణం మైక్రాన్లకు దిగితే పక్కచూపు పనికిరాదు. ఒక పికోలీటరు నీరు గోళంగా ఉంటే దాని వ్యాసం సుమారు 12 మైక్రాన్లు. దాన్ని పక్కనుంచి చూడాలంటే శక్తిమంతమైన కటకాన్ని తలానికి ఆనించినంత దగ్గరగా తేవాలి, తలం అంచే అడ్డం వస్తుంది. పైగా ఆవిరైపోయే కాలం వ్యాసార్ధపు వర్గాన్ని అనుసరిస్తుంది. బొట్టు పది రెట్లు చిన్నదైతే ఆయుష్షు వంద రెట్లు తగ్గుతుంది. చిన్న బొట్టు ఎండిపోతున్నప్పుడు రేఖ ఒకచోట చిక్కుకుని ఉంటే కోణం తగ్గుతూ పోతుంది, రేఖ కదిలితే కోణం స్థిరంగా ఉండి అడుగు కుంచించుకుపోతుంది. ఈ రెండు దశలనూ పిక్నెట్, బెక్సన్ 1977లో విడదీసి చూపారు. ఎండిన బొట్టు చుట్టూ ఉంగరంలా మరక మిగలడానికి కూడా చిక్కుకున్న రేఖే కారణమని 1997లో డీగన్ బృందం తేల్చింది. అంచు దగ్గర ఎక్కువగా ఆవిరయ్యే ద్రవాన్ని భర్తీ చేయడానికి లోపలి ద్రవం రేణువులను మోసుకుంటూ అంచు వైపు ప్రవహిస్తుంది.

పైనుంచి చూస్తే 90 డిగ్రీల లోపు కోణం ఉన్న బొట్టుకు అడుగు వృత్తం కనిపిస్తుంది. అంతకు మించితే బొట్టు నడుమే అడుగును కప్పేస్తుంది, సంధిరేఖ కనబడదు. పారదర్శక తలమైతే కిందనుంచి చూడటమే మార్గం.

కిందనుంచి చూసే పద్ధతుల్లో అందమైనది పరావర్తన వ్యతికరణ మైక్రోస్కోపీ. ఏకవర్ణ కాంతిని గాజు గుండా పంపితే కొంత గాజు-ద్రవం సరిహద్దులో, కొంత ద్రవం పై తలంలో పరావర్తనం చెందుతుంది. రెండూ కలిసి వెలుగు, చీకటి పట్టీలను ఏర్పరుస్తాయి. రెండు వరుస వెలుగు పట్టీల మధ్య ద్రవం మందంలో తేడా, తరంగదైర్ఘ్యాన్ని వక్రీభవన గుణకానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చేంత. 546 నానోమీటర్ల పాదరస దీపపు ఆకుపచ్చ కాంతికి, నీటికి అది 205 నానోమీటర్లు. పట్టీలు రెండు మైక్రాన్ల ఎడంలో ఉంటే అంచు వాలు సుమారు ఆరు డిగ్రీలు. కోణం పెరిగేకొద్దీ పట్టీలు దగ్గరపడతాయి. మంచి కటకం విడదీయగల పావు మైక్రాన్ ఎడానికి వచ్చేసరికి కోణం 40 డిగ్రీలకు చేరువవుతుంది, ఆపైన పట్టీలు కలిసిపోతాయి. అందువల్ల పక్కచూపు బలహీనపడే తక్కువ కోణాల దగ్గరే ఈ పద్ధతి బలంగా ఉంటుంది. ఎత్తును నానోమీటర్లలో చెప్పగలగడం దీని గొప్పతనం.

పెద్ద కోణాలకు కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ ఉంది. ద్రవంలో ప్రతిదీప్తి రంగు కలిపి, లేజర్‌తో ఒక్కో లోతునూ విడిగా చిత్రించి, ముక్కలను పేరిస్తే బొట్టు పూర్తి త్రిమితీయ రూపం వస్తుంది. అడ్డంగా అది విడదీసి చూపగల దూరం పావు మైక్రాన్ దరిదాపుల్లో ఉంటుంది, లోతులో అంతకన్నా రెండు మూడు రెట్లు మొరటు. జర్మనీలోని మైన్జ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ పాలిమర్ పరిశోధన సంస్థలో డోరిస్ వోల్మర్, హాన్స్-యుర్గెన్ బుట్, వారి సహచరులు 2013లో ఈ పద్ధతితో ఒక ముఖ్యమైన సంఘటనను చూశారు. సూక్ష్మ స్తంభాల వరుసల మీద, వాటి మధ్య గాలి మీద కూర్చున్న నీటి బొట్టు ఆవిరవుతూ చిన్నబడినప్పుడు, నీటి అడుగు స్తంభాల మధ్యకు ఎలా వంగుతుందో, చివరికి స్తంభం అంచు నుంచి రేఖ ఎలా జారి కిందికి దిగుతుందో సూటిగా కనిపించింది. బొట్టు గాలి మీద కూర్చునే కాసీ స్థితి కూలి, తలాన్ని పూర్తిగా అంటుకునే వెంజెల్ స్థితి రావడం అప్పటిదాకా ఎక్కువగా పరోక్షంగా ఊహించినదే. ఇబ్బంది రంగుతోనే: రంగు అణువులు ఉపరితలానికి చేరి తలతన్యతను తగ్గించవచ్చు కాబట్టి, ఏ గాఢత దాకా కోణం మారదో ముందే సరిచూసుకోవాలి.

ఎలక్ట్రాన్ కిరణం కింద నీరు

తామరాకు రహస్యం బయటపడింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తోనే. బాన్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ బార్త్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్ 1997లో ప్రచురించిన అధ్యయనం, ఆకు మీద సుమారు పది మైక్రాన్ల స్థాయి బొడిపెలనూ, వాటి మీద నానో స్థాయి మైనపు గొట్టాలనూ చూపింది. దొర్లే నీరు ధూళిని మోసుకుపోవడానికి ఈ రెండంచెల గరుకుదనమే కారణమని వివరించింది. అయితే మామూలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో శూన్యం ఉంటుంది, నీటి బొట్టు అక్కడ నిలవదు. ఆకు కనిపిస్తుంది, తడి కనిపించదు.

1980ల నాటికి రూపుదిద్దుకున్న పర్యావరణ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఈ అడ్డంకిని దాటింది. నమూనా గదిలో నీటి ఆవిరిని ఉండనిచ్చి, కిరణం పుట్టే చోట మాత్రం శూన్యాన్ని కాపాడే అమరికను ఆస్ట్రేలియాలో డానిలాటోస్ అభివృద్ధి చేశారు. 2 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి సంతృప్త బాష్ప పీడనం 705 పాస్కల్‌లు. నమూనాను ఆ ఉష్ణోగ్రతకు చల్లార్చి, పీడనాన్ని ఆ విలువ మీదుగా కొద్దిగా పెంచితే తలం మీద మంచు పట్టినట్టు కొన్ని మైక్రాన్ల బొట్లు పుట్టుకొస్తాయి, తగ్గిస్తే ఆవిరైపోతాయి. పెరిగేటప్పుడు పురోగమన కోణం, తరిగేటప్పుడు తిరోగమన కోణం దొరుకుతాయి. ఒక్కో పోగు మీద, ఒక్కో రేణువు మీద తడిని కొలవడానికి ఇంతకు మించిన సాధనం తక్కువ.

దీని ఫలితాలను ఒక హెచ్చరికతో చదవాలి. ఎలక్ట్రాన్ కిరణం బొట్టును వేడి చేస్తుంది, నీటిని విడగొట్టి చురుకైన అణువులను పుట్టిస్తుంది, ఎక్కువసేపు పడితే తలం రసాయన స్వభావాన్నే మారుస్తుంది. పైగా పైనుంచి వచ్చి వాలిన బొట్టు, తలం లోపలి గుంటల్లో చల్లబడి పుట్టిన బొట్టు ఒకే చోట కూర్చోవు. తామరాకు మీద వానచుక్క దొర్లిపోతుంది, కానీ మంచుగా పట్టిన నీరు బొడిపెల సందుల్లోనే పుట్టి అతుక్కోగలదు. రెండు కొలతలూ నిజమే, అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

నానోమీటర్ల దగ్గర

1986లో బినిగ్, క్వేట్, గెర్బర్ రూపొందించిన అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ తలాన్ని సూదిమొనతో తడిమి ఎత్తులు గీస్తుంది. మొనను కంపింపజేస్తూ, ద్రవాన్ని దాదాపు తాకకుండా నడిపితే వంద నానోమీటర్ల బొట్ల రూపమూ దొరుకుతుంది. నీరు ఇందుకు పనికిరాదు, క్షణంలో ఆవిరవుతుంది. గ్లైకాల్‌లు, అయానిక్ ద్రవాలు, పాలిమర్ ద్రవాలు వాడతారు. పాలీస్టైరీన్ బొట్లను సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌కు పైన కరగనిచ్చి, చల్లార్చి గట్టిపడ్డాక తీరిగ్గా కొలవడం మరో ఉపాయం.

ఇంత చిన్న బొట్లను కొలవడం వెనుక ఒక సిద్ధాంత ప్రశ్న ఉంది. తలానికి తలతన్యత ఉన్నట్టే రేఖకూ రేఖాతన్యత ఉండాలి, అది చిన్న బొట్ల కోణాన్ని యంగ్ కోణం నుంచి తప్పించాలి. సిద్ధాంతం దానికి ఒకటి నుంచి వంద పికోన్యూటన్ల దాకా విలువ ఊహిస్తుంది. పది పికోన్యూటన్లు అనుకుంటే, నీటికి వంద నానోమీటర్ల అడుగు వ్యాసార్ధం దగ్గర కోణపు కొసైన్ మారేది 0.0014 మాత్రమే, 90 డిగ్రీల దగ్గర అది డిగ్రీలో పదోవంతు కూడా కాదు. పది నానోమీటర్ల దగ్గరైతే ఒక డిగ్రీకి కాస్త తక్కువ. అయినా మిల్లీమీటరు, మైక్రాన్ స్థాయి బొట్లతో చేసిన పాత ప్రయోగాలు దీనికన్నా వేల రెట్ల రేఖాతన్యతలను ప్రకటించాయి, కొన్ని ధనాత్మకంగా, కొన్ని రుణాత్మకంగా. ఆ ప్రయోగాల్లో చాలావరకు కొలిచింది రేఖాతన్యతను కాదు, తలంలోని అసమానతల్లో రేఖ చిక్కుకోవడాన్ని అనే అభిప్రాయమే ఇప్పుడు బలంగా ఉంది. 2000లో పోంపె, హెర్మింగ్‌హౌస్ అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్‌తో రేఖ సమీపంలోని ద్రవ రూపాన్నే చిత్రించి చేసిన కొలతలు సిద్ధాంతపు స్థాయికి చేరువగా వచ్చాయి.

ఆల్టో బృందం 2017లో కోణాన్ని పూర్తిగా పక్కనపెట్టే దారి చూపింది. సున్నితమైన బలమాపకానికి చిన్న బిళ్లను అమర్చి, దానికి వేలాడే నీటి బొట్టునే కొలత సాధనంగా చేశారు. బొట్టును తలానికి తాకించి, వెనక్కి లాగి, విడిపోయేటప్పుడు పట్టిన బలాన్ని నానోన్యూటన్లలో చదువుతారు. ఒక్కో బిందువు దగ్గర ఇలా చేస్తూ పోతే తడి గుణానికి పటం తయారవుతుంది. సీతాకోకచిలుక రెక్క మీద ఈ పటం చోటుచోటుకూ తేడాలు చూపింది. ఆధార రేఖ గొడవ ఇందులో లేదు. 170 డిగ్రీలకు పైన కోణం చెప్పలేని తేడాలను ఇది చెప్పగలుగుతోంది. అతి జలవికర్షక తలాల విషయంలో రాబోయే కాలం బలాన్ని కొలిచే పద్ధతులదే అనుకోవడానికి తగినంత ఆధారం ఉంది.

మెత్తని తలాలు, మురికి తలాలు

యంగ్ లెక్కలో ద్రవం సంధిరేఖ దగ్గర ఘనాన్ని పైకి లాగే బలానికి చోటు లేదు. గాజు వంటి గట్టి పదార్థంలో ఆ లాగుడు వల్ల వచ్చే వంపు ఒక పికోమీటరు స్థాయిది, అణువు కన్నా చిన్నది. కొన్ని కిలోపాస్కల్‌ల గట్టిదనం గల సిలికాన్ జెల్‌లో అదే పది, ఇరవై మైక్రాన్లకు పెరుగుతుంది. 2013లో స్టైల్, డ్యుఫ్రేన్, వారి సహచరులు జెల్‌లో ప్రతిదీప్తి రేణువులు ఉంచి, కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌తో సంధిరేఖ వెంట లేచిన గట్టును చిత్రించారు. ఆ గట్టు మొన దగ్గర మూడు తలతన్యతల సమతుల్యత త్రిభుజంగా కుదురుతుందనీ, ఆ కోణాల నుంచి ఘనం తలప్రతిబలాన్ని, అంటే తలాన్ని సాగదీసేటప్పుడు ఎదురయ్యే తన్యతను, నేరుగా రాబట్టవచ్చనీ తేలింది. యంగ్ సూత్రంలో అందని రాశులకు సన్నిహితమైనదొకటి ఇలా మైక్రోస్కోప్‌కు చిక్కింది. మరుసటి ఏడాది దక్షిణ కొరియాలో ఎక్స్‌రే మైక్రోస్కోపీతో గట్టు వంగిన తీరు ఇంకా స్పష్టంగా కనిపించింది. ఎక్స్‌రేలకు అపారదర్శక పదార్థం అడ్డు కాదు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో మార్టిన్ బ్లంట్ బృందం 2014లో ఎక్స్‌రే సూక్ష్మ టోమోగ్రఫీతో సున్నపురాతి రంధ్రాల లోపలే, భూగర్భ పీడన, ఉష్ణోగ్రతల దగ్గర, కార్బన్ డయాక్సైడ్‌కూ ఉప్పునీటికీ మధ్య కోణాలను కొలిచింది.

పద్ధతి ఎంత గొప్పదైనా తలం శుభ్రంగా లేకపోతే కొలత విలువ పోతుంది. బంగారం నీటిని వికర్షిస్తుందా, తడుస్తుందా అన్న వాదం దశాబ్దాలు సాగి, నిజంగా శుభ్రమైన బంగారం తడుస్తుందనే తీర్పుతో ముగిసింది. గాలిలోని హైడ్రోకార్బన్లు దాని మీద త్వరగా పేరుకుంటాయి, ఆ పొరనే చాలామంది బంగారంగా కొలిచారు. గ్రాఫీన్‌దీ అదే కథ. 2013లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు రాగి మీద అప్పుడే పెంచిన గ్రాఫీన్‌కు కోణం దాదాపు 44 డిగ్రీలనీ, గాలిలో ఒక రోజు ఉంచితే సుమారు 80 డిగ్రీలకు చేరుతుందనీ చూపారు. కార్బన్ తలాలు స్వభావరీత్యా జలవికర్షకాలన్న పాత నమ్మకానికి ఆధారం చాలావరకు ఈ కాలుష్యమే. కాబట్టి కోణంతో పాటు తలం ఎప్పుడు తయారైంది, ఎలా కడిగారు, గాలిలో ఎంతసేపు ఉంది, తేమ ఎంత, బొట్టు పరిమాణం ఎంత అన్నవి చెప్పడం లాంఛనం కాదు, కొలతలో భాగం.

కదిలే రేఖ

ఇప్పటిదాకా చెప్పినవన్నీ రేఖ ఆగి ఉన్నప్పటివి, లేదా అతి మెల్లగా కదిలినప్పటివి. కదిలే రేఖ దగ్గర చిక్కు లోతైనది. ఘనతలాన్ని ఆనిన ద్రవం కదలదన్న మామూలు నియమాన్ని పాటిస్తే రేఖ దగ్గర జిగట వల్ల పుట్టే బలం అనంతమవుతుందని హ్యూ, స్క్రివెన్ 1971లో చూపారు. అణువుల స్థాయిలో కొంత జారుడో, ముందే పరుచుకున్న పలుచని పొరో ఉంటే తప్ప బొట్టు కదలడం లెక్కకు అందదు. ఆ పొర ఉందని 1989లో పారిస్‌లో హెస్లో, కజాబా, వారి సహచరులు దీర్ఘవృత్త ధ్రువణ కొలతలతో (ఎలిప్సోమెట్రీతో) చూపారు. కొన్ని ద్రవాలు ఒక్కో అణువు మందంతో మెట్లు మెట్లుగా పాకుతాయి.

రేఖకు కొంచెం ఎడంగా ద్రవపు తలం జిగట వల్ల వంగుతుంది. అందుకే మైక్రోస్కోప్ చూపే కోణం రేఖ నుంచి ఎంత దూరంలో చూశారన్నదాన్ని బట్టి మారుతుంది. వోయినోవ్, కాక్స్ ఇచ్చిన సంబంధం ప్రకారం కోణపు మూడో ఘాతం వేగంతోనూ ఆ దూరపు లాగరిథంతోనూ పెరుగుతుంది. పూర్తిగా తడిసే తలం మీద సెకనుకు ఒక మిల్లీమీటరు వేగంతో కదిలే నీటికి, అణుస్థాయి దూరాన్ని ఒక నానోమీటరుగా తీసుకుని లెక్కగడితే, రేఖ నుంచి ఒక మిల్లీమీటరు దూరంలో కోణం సుమారు 7 డిగ్రీలు వస్తుంది. ఒక మైక్రాన్ దూరంలో ఐదున్నర. రెండూ ఒకే బొట్టువి, ఒకే క్షణానివి. కెమెరా ఏ స్థాయిలో చూసిందో చెప్పకుండా ఇచ్చిన గతిశీల కోణాన్ని మరో ప్రయోగశాల కొలిచిన కోణంతో పోల్చడం కుదరదు. వ్యతికరణ పట్టీలతో ఈ వంపును మైక్రాన్ల దాకా అనుసరించిన ప్రయోగాలు సూత్రానికి అనుగుణంగానే వచ్చాయి. ఆఖరి కొన్ని నానోమీటర్లలో ద్రవం కదులుతుండగా చూడగలిగే దృశ్య మైక్రోస్కోప్ లేదు. అక్కడి సమాచారం ప్రస్తుతం అణుగతిక అనుకరణల నుంచీ, బయటి వంపు నుంచి వెనక్కి లెక్కగట్టిన విలువల నుంచీ వస్తోంది.